నాయన నింపిన టబ్బు

రుద్రంపూర్ కాలనీలో సాయంత్రమైతే పొయ్యిలన్నీ వాకిట్లోకి వచ్చేవి. పాత ఇనప బకెట్టుకు అడుగున చువ్వలు అడ్డంపెట్టి, లోపల మట్టి మెత్తి చేసుకున్న పొయ్యిలు. కింద నాలుగు పుల్లలు, కిరసనాయిలు గుడ్డ, పైన పచ్చి బొగ్గు. అంటుకున్న అరగంట సేపు కళ్లు మండించే పొగ లేచేది. అదంతా పోయి బొగ్గు కణకణలాడాకే పొయ్యి వంటింట్లోకి వెళ్లేది. వరస పొడవునా క్వార్టర్లు, వాకిలికో పొయ్యి. గాలి ఆడని చలికాలంలో ఎదుటి వరస కనపడేది కాదు. మేం ఆ పొగలోనే గోలీలు ఆడేవాళ్లం, ఆ పొగలోనే ఎక్కాలు వల్లించేవాళ్లం. ఎవరి వాకిట్లోనైనా పొగ లేవకపోతే అమ్మ గోడ దగ్గరికి వెళ్లి అడిగేది: "ఏం వదినా, ఇంకా పొయ్యి ఎలిగియ్యలేదా? పానం మంచిగుందా?" మా దగ్గర పొగ ఉండటం మామూలు. లేకపోతేనే కంగారు.

మా నాయనది సూర్యాపేట దిక్కు మెట్ట ఊరు. 1972 కరువుకి బావులు అడుగంటినప్పుడు, అప్పటికే కొత్తగూడెంలో పనిచేస్తున్న మేనమామ మాట పట్టుకుని బస్సెక్కాడు. సింగరేణి బొగ్గు బాయిలో బదిలీ ఫిల్లరుగా, అంటే పర్మనెంటు కాని బొగ్గు నింపే కూలీగా చేరాడు. అండర్‌గ్రౌండ్‌లో ఏడాదికి 190 మస్టర్లు, అంటే హాజర్లు, పడితేనే పర్మనెంటు ఆశ. జ్వరం వచ్చినా దిగేవాడని అమ్మ చెప్పేది. మా ఇంట్లో కేలండరు మీద, వెంకటేశ్వరస్వామి పాదాల కింద తారీఖుల చుట్టూ పెన్సిల్ సున్నాలుండేవి. మస్టర్ పడ్డ ప్రతి రోజుకూ ఒక సున్నా. నాకు అంకెలు వచ్చింది బడిలో కాదు, ఆ సున్నాలు లెక్కపెట్టే.

నాయన పర్మనెంటయ్యాక మాకు క్వార్టరొచ్చింది. అందులో కరెంటు బల్బు, వాకిట్లో నల్లా, వంటకు ఉచితంగా బొగ్గు, జబ్బు చేస్తే ఆసుపత్రి. కిరసనాయిలు బుడ్డి కింద పెరిగిన మనిషి తన కొడుకు బల్బు కింద చదువుతుంటే తలుపు దగ్గర నిలబడి చూసేవాడు. ఎదుగుదల అనే మాట ఎక్కడ వినబడినా నాకు జీడీపీ గ్రాఫు కంటే ముందు ఆ కేలండరు, ఆ బల్బు గుర్తొస్తాయి. వాటిని తక్కువ చేసి మాట్లాడే వాదన ఏదైనా, అది భూమిని కాపాడే వాదనే అయినా, నాకు సగం దగ్గరే తెగిపోతుంది.

బాయి లోపలికి పిల్లల్ని పోనివ్వరు. మాకు తెలిసిందంతా నాయన మాటల్లోంచే. షాట్ పేల్చాక కూలిన బొగ్గును పార లాంటి చెమ్మస్‌తో తట్టలోకి ఎత్తాలి, తట్ట భుజానికెత్తుకుని టబ్బులో పొయ్యాలి. టబ్బుకు టన్ను అటూ ఇటూ పడుతుంది. నిండిన టబ్బులను హాలర్ తాడు పైకి లాగుతుంది. ఫిల్లరు కూలి టబ్బుల లెక్కనే. రాత్రి అన్నం ముందు కూర్చున్నప్పుడు అమ్మ అడిగే మొదటి మాట "ఇయ్యాల ఎన్ని టబ్బులు?" అని. జవాబును బట్టి ఆ వారం సంతలో ఏం కొనాలో తేలిపోయేది.

ఆ టబ్బులు ఎక్కడికి పోతాయో మాకు కొంత తెలుసు. వ్యాగన్లలో వెళ్తాయని తెలుసు. భద్రాచలం రోడ్ స్టేషన్ దగ్గర పట్టాల పక్కన రాలిన బొగ్గు ఏరుకునే మనుషులను రోజూ చూసేవాళ్లం. పాల్వంచలో కరెంటు తయారవుతుందని తెలుసు. ఆ కరెంటు ఎంత దూరం పోతుందో మాత్రం నాకు అమ్మమ్మ ఊళ్లో తెలిసింది.

ఎండాకాలం సెలవులకు అక్కడికి వెళ్లేవాళ్లం. నా చిన్నప్పుడు తాత మోట కొట్టేవాడు. తెల్లారకముందే ఎడ్లను కట్టేవాడు. అవి బావి గట్టు వాలులో దిగుతూ, మళ్లీ వెనక్కి ఎక్కుతూ ఉంటే తోలు మోట గుమ్మరించిన నీళ్లు కాలువ పట్టేవి. పొద్దెక్కేసరికి ఎడ్లకూ తాతకూ నురగలు. అంత చేస్తే తడిసేది ఒక మడి. ఆ తర్వాత స్తంభాలు పాతారు, తీగలు లాగారు. మామ అయిదు హార్స్‌పవర్ మోటరు పెట్టించాడు. స్విచ్చి వేస్తే పైపు నోట్లోంచి నీళ్లు తొట్టిలో దభాల్న పడేవి. మేం దాని కింద మధ్యాహ్నమంతా తడిసేవాళ్లం. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయల లెక్క పెట్టాక ఊళ్లో మోటర్లు వరసగా లేచాయి. జొన్న చేలు వరి మళ్లయ్యాయి. మామ కొడుకు ఇంజినీరింగు చదివాడు. ఊళ్లో మోట కొట్టే పాట తెలిసిన చివరి మనిషి మా తాతే అయ్యాడు. దానికి ఆయన ఎప్పుడూ బాధపడలేదు. ఎడ్ల మెడల మీది కాయలు మానాయని సంతోషపడ్డాడు.

చాలా ఏళ్ల తర్వాత ఒక రాత్రి కూర్చుని ఆ రెండు ఊళ్లనూ కలిపే లెక్క వేశాను. మన బొగ్గుతో ఒక యూనిట్ కరెంటు తీయడానికి సుమారు 700 గ్రాములు కావాలి. అంటే టన్ను బొగ్గుకు 1,400 యూనిట్లు. అయిదు హార్స్‌పవర్ మోటరు గంటకు మూడున్నర యూనిట్ల పైన లాగుతుంది. లైన్లలో పోయేది పక్కన పెడితే, మా నాయన నింపిన ఒక్క టబ్బు మా మామ మోటరును రోజుకు నాలుగు గంటల చొప్పున మూడు నెలలు నడిపిస్తుంది. ఒక వరి పంట. నాయన భుజం మీద మోసిన బరువు తాత ఎడ్ల మెడల మీంచి దిగిన బరువు. ఈ లెక్క నాయన ఉండగా వేసి చెప్పి ఉంటే ఎంత మురిసిపోయేవాడో!

కాగితం మీద ఆ లెక్క కిందే ఇంకో వరస ఉంది. 12 గ్రాముల కార్బన్ మండాలంటే 32 గ్రాముల ఆక్సిజన్ కావాలి. మిగిలేది 44 గ్రాముల బొగ్గుపులుసు వాయువు. మన బొగ్గులో బూడిద ఎక్కువ, తేమ ఉంటుంది, అయినా టన్ను మండితే ఒకటిన్నర టన్ను పైనే ఆ వాయువు గాలిలో చేరుతుంది. మోసిన దానికంటే బరువైనది, కంటికి కనపడనిది. వరి పంట మూడు నెలల్లో చేతికొచ్చి, తిని అయిపోతుంది. ఆ వాయువులో కొంత భాగం వందల ఏళ్లు పైనే ఉండి వేడిని పట్టుకుంటుంది. మా నాయన నింపిన టబ్బులన్నిటి వాయువులోనూ పెద్ద వాటా ఇంకా మన తలల మీదే ఉంది.

కనపడని గాలి గురించి బాయి మనుషులకు చెప్పనక్కర్లేదు. బాయిలో గాలిని చూసుకునే సర్దార్ చేతిలో సేఫ్టీ లాంపు ఉండేది. మీథేన్ చేరితే ఆ దీపం మంట మీద నీలపు టోపీ కనపడుతుంది. బొగ్గుపులుసు వాయువు పేరుకుని ఆక్సిజన్ తగ్గిన చోట మంట మసకబారి ఆరిపోతుంది. "గాలికి రంగుండదు బిడ్డా, దీపాన్ని చూసి తెలుసుకోవాలె," అనేవాడు నాయన. బాయి పైన పెద్ద ఫ్యాను రాత్రీ పగలూ తిరిగేది. దాని హోరు మాకు అలవాటై వినపడేదే కాదు. అది ఆగితే మాత్రం కాలనీ మొత్తం లేచి కూర్చునేది. బొగ్గు గనుల నిబంధనల ప్రకారం మనుషులు పనిచేసే చోట ఆక్సిజన్ 19 శాతానికి తగ్గకూడదు, బొగ్గుపులుసు వాయువు అర శాతం దాటకూడదు. అంటే గనిలో గాలికి ఒక హద్దు, ఆ హద్దు చూసుకునే మనిషి, దాటితే పని ఆపించే అధికారం, అన్నీ ఉన్నాయి. బయటి ఆకాశానికి అలాంటి సర్దారు లేడు, ఫ్యానూ లేదు.

కొలిచేవాళ్లు మాత్రం ఉన్నారు. హవాయి దీవుల్లో మౌనా లోవా కొండ మీద చార్లెస్ కీలింగ్ 1958లో కొలవడం మొదలుపెట్టినప్పుడు గాలిలో పది లక్షల పాళ్లకు బొగ్గుపులుసు వాయువు దాదాపు 315 పాళ్లు. మా బడిలో సైన్సు సారు సున్నపు తేట పోసిన గాజు గ్లాసులోకి బొప్పాయి కాడతో మమ్మల్ని ఊదమన్న 1980 ప్రాంతంలో అది 340కి దగ్గరపడింది. మా ఊపిరికి తేట తెల్లగా విరిగితే చప్పట్లు కొట్టాం. ఇప్పుడది 420 దాటింది. గని నిబంధన చెప్పే అర శాతంతో పోలిస్తే ఇది చాలా తక్కువే, మనిషి ఊపిరి ఆగదు. కానీ భూమి వేడి లెక్కకు వేరే కొలత. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వడదెబ్బకు చనిపోయినవాళ్లు దాదాపు రెండు వేల మంది. ఎక్కువమంది కూలీలు, ముసలివాళ్లు. ఆ ఒక్క ఎండాకాలాన్ని పూర్తిగా ఈ వాయువు ఖాతాలో రాయలేం. అలాంటి ఎండలు మరింత తరచుగా, మరింత తీవ్రంగా రావడం వెనక అది ఉందని మాత్రం శాస్త్రవేత్తలు గట్టిగానే చెబుతున్నారు. ఫిల్లర్ల పిల్లలం, మోటరు రైతుల పిల్లలం, ఆ ఎండలో ముందు నిలబడేది మనవాళ్లే.

భద్రాచలం పోయే బస్సులో పాల్వంచ దాటేటప్పుడు పిల్లలందరం ఒకే వైపు కిటికీలకు చేరేవాళ్లం. అక్కడి థర్మల్ విద్యుత్ కేంద్రం కేటీపీఎస్ కూలింగ్ టవర్లు ఆకాశానికి ఆనించినట్టుండేవి. వాటి నోళ్లలోంచి తెల్లగా దొర్లుకుంటూ వచ్చేది చూసి, మబ్బులు ఇక్కడే తయారవుతాయని మా తమ్ముడు గట్టిగా నమ్మేవాడు. ఆ తెల్లనిది ఒట్టి నీటి ఆవిరి. అసలు సంగతి పక్కనున్న సన్నటి పొగగొట్టంలోంచి, దాదాపు ఏ రంగూ లేకుండా పోయేది. ఆ టవర్లను 2024 ఆగస్టు 5న పేల్చి కూల్చారు. ఎనిమిది టవర్లూ క్షణాల్లో మోకాళ్ల మీద కూలబడ్డ వీడియో నాకు ఎంతమంది పంపారో. కొందరు ఏడ్చారు. నాకూ గుండె కలుక్కుమంది. అది చూసి బొగ్గు కాలం ముగిసిందని రాసినవాళ్లూ ఉన్నారు. అది నిజం కాదు. 60 మెగావాట్లవి నాలుగు, 120 మెగావాట్లవి నాలుగు, మొత్తం 720 మెగావాట్ల పాత యూనిట్ల అవసరం తీరింది. దానికి ముందే, 2018లో, అదే పాల్వంచలో 800 మెగావాట్ల యూనిట్ ఒక్కటే వచ్చింది. అది సూపర్ క్రిటికల్ రకం, పాతవాటికంటే కరెంటు యూనిట్‌కు తక్కువ బొగ్గు తింటుంది. సామర్థ్యం మాత్రం పెరిగింది.

దేశం కథ కూడా సరిగ్గా ఇదే. రూపాయి సంపదకు మనం వదిలే వాయువు తగ్గుతోంది. 2005 నుంచి 2020 మధ్య 36 శాతం తగ్గిందని భారత ప్రభుత్వం ఐక్యరాజ్యసమితికి చెప్పింది. ఇది చిన్న పని కాదు, గర్వపడదగ్గదే. మొత్తం వాయువు మాత్రం 2005తో పోలిస్తే రెట్టింపు దాటింది. ఎందుకంటే సంపద అంతకంటే వేగంగా పెరిగింది. 2024-25లో దేశం తవ్విన బొగ్గు మొదటిసారి 100 కోట్ల టన్నులు దాటింది. ఆకాశానికి నిష్పత్తులు తెలియవు, దానికి తెలిసింది టన్నులే. అయినా మనిషికి ఎంత అని అడిగితే మనం ఏడాదికి రెండు టన్నుల దగ్గర ఉన్నాం. ప్రపంచ సగటు నాలుగున్నర టన్నుల పైన, అమెరికాలో 14 వరకు. మామ మోటరుకు కరెంటు ఆపండని ఆ లెక్క చూసినవాడెవడూ అనకూడదు.

ఎదుగుతూ కూడా మొత్తం వాయువును తగ్గించడం కుదురుతుందా అంటే, కుదిరిన దేశాలున్నాయి. వాటిలో ఒకటి మా ఊరి చరిత్రతో ముడిపడ్డదే. 1871లో ఇల్లందు దగ్గర బొగ్గును గుర్తించింది భారత భూగర్భ సర్వే సంస్థకు చెందిన విలియం కింగ్. 1886లో ఇంగ్లండులో పెట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ గనుల హక్కులు తీసుకుని, 1889లో ఇల్లందులో తవ్వకం మొదలుపెట్టింది. 1920లో సింగరేణి కాలరీస్ అయింది అదే. లండన్ నగరం 1882లోనే హోల్‌బర్న్ దగ్గర బొగ్గుతో కరెంటు తీసింది. 142 ఏళ్ల తర్వాత, 2024 సెప్టెంబర్ 30న, నాటింగ్‌హామ్ దగ్గరి రాట్‌క్లిఫ్ కేంద్రంతో బ్రిటన్ తన చివరి బొగ్గు విద్యుత్ కేంద్రాన్ని ఆపేసింది. 1990తో పోలిస్తే అక్కడి ఉద్గారాలు సగానికి సగం తగ్గాయి, ఆర్థిక వ్యవస్థ 75 శాతానికి పైగా పెరిగింది. బొగ్గు స్థానంలో మొదట గ్యాస్, ఆ తర్వాత సముద్రపు గాలిమరలు వచ్చాయి. కొన్ని ఫ్యాక్టరీలు వేరే దేశాలకు తరలిపోయి, వాటి పొగ అక్కడి లెక్కలో పడింది. ఆ వాటా కలుపుకుని చూసినా తగ్గుదల నిజమే. కాబట్టి సంపదకూ పొగకూ మధ్య ముడి విప్పలేనిది కాదు. నా చిన్నప్పుడు మా కాలనీలో ఈ మాట ఎవరైనా అని ఉంటే నమ్మేవాళ్లం కాదు. మాకు పొగే బువ్వ.

కానీ బ్రిటన్‌లో ముడి ఎలా విప్పారో కూడా చెప్పుకోవాలి. 1984-85 సమ్మె ఓడిపోయాక అక్కడి గనులు వరసగా మూతపడ్డాయి. వేల్స్‌లో, డరమ్‌లో, యార్క్‌షైర్‌లో బాయి చుట్టూ అల్లుకున్న ఊళ్లకు బతుకుదెరువు పోయింది. వాతావరణం కోసం జరిగింది కాదది, అప్పట్లో దాని ఊసెత్తింది ఎవరు? కార్బన్‌తో ముడి తెగడానికి చాలా ముందే మనుషులతో ముడి తెంపేశారు.

నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టేది, మా దగ్గరా అదే జరగడం. 1990-91లో సింగరేణిలో దాదాపు 1.16 లక్షల మంది పనిచేస్తూ ఏడాదికి 1.8 కోట్ల టన్నుల లోపు బొగ్గు తీశారు. 2023-24లో తీసింది 7 కోట్ల టన్నులు. కంపెనీ ఉద్యోగులు 40 వేల చిల్లర. కాంట్రాక్టు మనుషులు వేరే. తట్టా చెమ్మస్ పోయి బొగ్గు ఎత్తే ఎస్‌డీఎల్ యంత్రాలొచ్చాయి. అండర్‌గ్రౌండ్ బాయిలు మూతపడుతూ నేల పైనుంచి తవ్వే ఓపెన్ కాస్టులు లేచాయి. భుజం మీద తట్టతో బొగ్గు మోయాల్సిన పని ఏ బిడ్డకూ రాకూడదు, ఆ యంత్రాలను నేను తిట్టను. కానీ బొగ్గు దాదాపు నాలుగు రెట్లయింది, దానితో పొగా పెరిగింది, కేలండరు మీద సున్నాలు పెట్టుకునే ఇళ్లు మాత్రం మూడో వంతుకు పడ్డాయి. ఎదుగుదల కావాలంటే పొగ తప్పదని మాకు చెప్పినవాళ్లు, ఆ ఎదుగుదల మా వాకిళ్లు దాటి ఎప్పుడు వెళ్లిపోయిందో చెప్పలేదు. ఇప్పుడు పొగ తగ్గిద్దామనగానే ఉద్యోగాలు పోతాయని అడ్డుపడేవాళ్లున్నారు. పోవాల్సినవి చాలావరకు పొగ పెరుగుతున్నప్పుడే పోయాయి.

పోయినసారి రుద్రంపూర్ వెళ్తే వాకిళ్లలో బకెట్టు పొయ్యిలు లేవు, అందరికీ గ్యాస్ స్టవ్వులు. సాయంత్రం ఎదుటి వరస నిక్షేపంగా కనపడుతోంది. ఆడవాళ్ల కళ్లకూ ఊపిరితిత్తులకూ అంతకంటే మేలు ఏముంది! చాలా క్వార్టర్లకు తాళాలున్నాయి. మా వరసలో పిల్లలు హైదరాబాద్‌లో ఉన్నారు, కొందరు ఇంకా దూరం వెళ్లారు. ఇంటి దగ్గరున్న మేనల్లుడు ఒక సోలార్ ప్లాంటులో కాంట్రాక్టరు కింద పలకలు కడిగే పనికి వెళ్తున్నాడు. సింగరేణి ఇప్పుడు మణుగూరులో, ఇల్లందులో, రామగుండంలో సోలార్ కరెంటు తీస్తోంది. ఆ వార్త మొదటిసారి చదివినప్పుడు ఇంట్లో అందరికీ ఫోన్లు చేసి చెప్పాను, అంత సంతోషమేసింది. "మస్టర్ పడుతుందా రా?" అని మేనల్లుణ్ని అడిగాను. "రోజు కూలి మామా, మస్టరెక్కడిది," అన్నాడు.

రామగుండం దగ్గర మేడిపల్లి ఓపెన్ కాస్టు తవ్వకం అయిపోయాక మిగిలిన గోతిలో పంప్డ్ స్టోరేజీ విద్యుత్ కేంద్రం కట్టాలని సింగరేణి ప్రతిపాదించింది. పగటి పూట సోలార్ కరెంటుతో గోతిలోని నీటిని పై చెరువుకు ఎక్కించడం, రాత్రి ఆ నీటిని కిందికి వదిలి కరెంటు తీయడం. ఎండ లేని వేళ కరెంటు ఎక్కణ్నుంచి వస్తుందనే ప్రశ్నకు ఇంతకంటే మంచి జవాబు మా ప్రాంతానికి ఇంకొకటి కనపడదు నాకు. బొగ్గు తీసిన గొయ్యే బొగ్గు అవసరాన్ని తగ్గిస్తుంది. అది కట్టాలి, త్వరగా కట్టాలి. ఆ ప్రాజెక్టు రిపోర్టు చేతికొస్తే మాత్రం మెగావాట్ల పేజీ తర్వాత చూస్తాను. పర్మనెంటు మస్టర్లు ఎన్ని, అందులో గోదావరిఖని, రుద్రంపూర్ పిల్లలకు ఎన్ని, వాళ్లకు ఆ పని నేర్పే బడి ఎక్కడ పెడుతున్నారు, ఆ పేజీ ముందు తిప్పుతాను.